దల్మా దిగేటప్పుడు

మా అమ్మాయికి సైకిలు కొనేటప్పుడు నేను షాపతన్ని ముందు అడిగింది ధర కాదు, బ్రేకుల సంగతి. అతను గేర్లు చూపించాడు, ముందు ఫోర్కులో స్ప్రింగు చూపించాడు, సీటు పైకీ కిందికీ జరిపి చూపించాడు. నా చూపు మాత్రం చక్రం మధ్యలో పళ్ళెంలా మెరుస్తున్న ఇనపబిళ్ళ మీదే ఉంది. దాన్ని డిస్కు అంటారు. మామూలు సైకిలుకి రబ్బరు ముక్కలు రిమ్ముని రెండు పక్కలా పట్టుకుంటాయి. కొండల్లో తొక్కే ఈ సైకిలుకి ఆ బిళ్ళని రెండు చిన్న ప్యాడ్లు నొక్కి పట్టుకుంటాయి. మనిషి ప్రాణమంతా ఆ పట్టు మీదే. "నొక్కితే రాయిలా ఆగిపోతుంది సార్" అన్నాడతను హిందీలో. కొండ మీంచి దొర్లితే ఆగనిదే కదా రాయి అని నాకు అక్కడే గుబులు మొదలైంది.

నాది టాటానగర్ యార్డులో గూడ్సు బళ్ళ బ్రేకులు చూసే ఉద్యోగం. బండి కదిలేముందు ఇంజను నుంచి చివరి వ్యాగను దాకా గాలి అందుతోందా, ప్రతి చక్రం దగ్గరా బ్రేకు పట్టిందా, పట్టింది మళ్ళీ వదిలిందా అని నడిచి చూడాలి. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇదే యార్డులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. రెండు తరాలుగా మా ఇంట్లో అన్నం బ్రేకుల మీదే ఉడుకుతోంది. దానివల్ల నాకో జబ్బు పట్టుకుంది. కదిలే దేన్ని చూసినా, ఇది ఆగుతుందా అనే ముందు అనిపిస్తుంది. ఆటో ఎక్కితే నా కుడికాలు నేలని నొక్కుతూనే ఉంటుంది. మీతో బండెక్కడం కన్నా నడిచి వెళ్ళడం సుఖం అంటుంది మా ఆవిడ. ఆవిడ నర్సు. రోగాల గురించి తప్ప దేని గురించీ భయపడదు.

అలాంటి నా కడుపున సైకిలు పందేల పిచ్చి ఉన్న పిల్ల పుట్టింది. ప్లస్ టూ చదువుతోంది. రాష్ట్ర జట్టులో చోటు కోసం కిందామీదా పడుతోంది. చదును రోడ్డు మీద దాన్ని అందుకునేవాడు లేడు. అయితే కోచ్ ఒక మాట అన్నాడట, ఎక్కడం కాళ్ళుంటే వస్తుంది, దిగడం నేర్చుకోవాలి అని. మా ఊళ్ళో దిగడం నేర్చుకోవాలంటే ముందు ఎక్కడానికి ఒక కొండ కావాలి. అది దల్మా. ఇక్కడివాళ్ళకి ఆ కొండ పెరటి గోడలాంటిది. ఏ వీధి చివర నిలబడి చూసినా కనిపిస్తుంది, కాబట్టి ఎవరూ చూడరు. సైకిలువాళ్ళకి మాత్రం అది పరీక్ష. హైవే పక్కన ఫారెస్టు గేటు దగ్గర మొదలైన దారి పైన ఆంజనేయుడి గుడి దాకా ఒకటే ఎక్కుడు. కొన్నిచోట్ల సిమెంటు, కొన్నిచోట్ల ఎర్ర మొరం, గులకరాళ్ళు. ఒక పక్క కొండ, ఇంకో పక్క లోయ. రెండు పక్కలా ఏనుగుల అడవి.

ఒంటరిగా పంపనన్నాను. అయితే మీరూ రండి అంది. నలభై ఎనిమిదేళ్ళకి నేనూ ఒక పాత మౌంటెన్ సైకిలు వెతుక్కుని కొనుక్కోవలసి వచ్చింది. దానికీ డిస్కు బ్రేకులే ఉండేలా చూసుకున్నాను.

మొదటిసారి దల్మా ఎక్కింది విశ్వకర్మ పూజ మర్నాడు. కార్ఖానాల ఊరు కాబట్టి మా దగ్గర అది చాలా పెద్ద పండగ. ఆ రోజు ఇనుముకి సెలవు. స్పానరు తిప్పకూడదు, మిషను నడపకూడదు, బండి కదపకూడదు. డిపోలో పందిరి వేసి విగ్రహం పెడతారు. నేను పొద్దున్నే అక్కడికి వెళ్ళిపోతాను. ఇంట్లో పూజ మా అమ్మా, మనవరాలూ చూసుకుంటారు.

నాన్న పోయాక కూడా ఆయన పనిముట్లు మా ఇంట్లోనే ఉన్నాయి. ఒక సుత్తి, కొన్ని స్పానర్లు, చక్రాల మీద కొట్టి చప్పుడు వినే పొడుగు పిడి సుత్తి. ఏటా ఆ రోజు అమ్మ వాటిని కడిగి, తుడిచి, ఆవనూనె రాసి పీట మీద పెడుతుంది. అమ్మ ఈ ఊరికి కాపురానికొచ్చి ఎన్నేళ్ళయినా ఆవనూనెతో కూర వండదు. ఆ ఘాటు తన వల్ల కాదంటుంది. అయినా ఒక సీసా ఎప్పుడూ కిటికీలో ఉంటుంది. రోజూ తన మోకాళ్ళకి, ఏడాదికోసారి నాన్న ఇనుముకి. నాన్న ఉన్నప్పుడు పనిముట్లకి బొట్టు కూడా తనే పెట్టేది. ఇప్పుడు పెట్టదు. "నాను ఎట్టకూడదు, గుంట ఎడతాది" అని కుంకుమ భరిణె మనవరాలి వైపు తోసేస్తుంది. మేము మొదట్లో వాదించాం, కోప్పడ్డాం, తర్వాత ఊరుకున్నాం. నూనె నాయనమ్మది, బొట్టు మనవరాలిది అని వాళ్ళ మధ్య పంపకం కుదిరిపోయింది.

నేను సాయంత్రం ఇంటికొచ్చేసరికి రెండు సైకిళ్ళూ వరండాలో బంతిపూల దండలు వేసుకుని నిలబడి ఉన్నాయి. హ్యాండిళ్ళ మీద బొట్లు.

"ఎలాగున్నాయిరా?" అంది అమ్మ, గడప మీద కూర్చుని మోకాళ్ళు రుద్దుకుంటూ.

"పెళ్ళికొడుకుల్లా ఉన్నాయమ్మా."

"ఉండవేటి మరి, పొద్దుట్నించీ తుడిసినాను" అంది.

ఆ రోజు బండి కదపకూడదు కాబట్టి నేను వాటి మీద చెయ్యి కూడా వెయ్యలేదు.

మర్నాడు తెల్లవారుతూనే బయల్దేరాం. మేముండే పర్సుడీహ్ నుంచి ఫారెస్టు గేటుకి వెళ్ళాలంటే ఊరంతా దాటి, సువర్ణరేఖ వంతెన దాటి, హైవే ఎక్కాలి. ఆ హైవే మీద లారీలు ఎలా వెళ్తాయో నాకు తెలుసు. అందుకని మా వీధిలో సామాన్ల ఆటో నడిపే అతన్ని మాట్లాడి సైకిళ్ళు ఎత్తించాను. మా అమ్మాయికి అది నామోషీగా ఉంది.

"పాపా, చలాకే చల్తే హై నా. వార్మప్ భీ హో జాయేగా" అంది. తొక్కుకుంటూ పోతే ఒళ్ళు కూడా వేడెక్కుతుందని. దానితో మేము తెలుగులో మాట్లాడితే అది హిందీలో జవాబిస్తుంది. ఈ ఊళ్ళో పిల్లలంతా అంతే. ఇద్దరికీ అర్థమవుతుంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు.

"లారీ కింద పడ్డాక వార్మప్ ఎందుకు?" అన్నాను. మూతి ముడుచుకుని సైకిళ్ళ మధ్యన కూర్చుంది.

ఇప్పుడు తలుచుకుంటే ఆ మాట దగ్గరే ఆగిపోతాను. ఆ పూట ఇంటి నుంచి తొక్కుకుంటూ వెళ్ళి ఉంటే మా వీధి చివర లెవెల్ క్రాసింగు దగ్గరే అంతా తెలిసిపోయేది. నా జాగ్రత్తే మమ్మల్ని ఏమీ తెలియకుండా గేటు దాకా మోసుకెళ్ళి దించింది.

గేటు దగ్గర గార్డు టికెట్లు చింపి ఇస్తూ, గుంపులు బెంగాల్ వైపు వెళ్ళిపోయాయి, ఒక్కటి మాత్రం ఇక్కడిక్కడే తిరుగుతోంది అన్నాడు. దాన్ని ఏనుగు అనలేదు, గణేశ్ బాబా అన్నాడు. ఒంటరి ఏనుగు మంచిది కాదని చిన్నప్పటి నుంచీ వింటున్నవాణ్ణి. వెనక్కి వెళ్ళిపోదామా అన్నాను. మా అమ్మాయి అప్పటికే హెల్మెట్ పెట్టేసుకుని మొదటి మలుపు తిరిగిపోయింది.

ఎక్కడం గురించి చెప్పుకోవడానికి పెద్దగా లేదు. ఎక్కేవాడికి ఊపిరి తప్ప ఇంకేదీ గుర్తుండదు. అన్నిటికన్నా చిన్న గేరులో పెట్టి, కాళ్ళు పిచ్చిగా తిప్పుతుంటే సైకిలు నడిచే మనిషి కన్నా కాస్త వేగంగా వెళ్తుంది. వాన వెలిసి రెండ్రోజులైంది. సాల చెట్ల కింద రోడ్డు అక్కడక్కడా పాచిపట్టి నల్లగా ఉంది. అలాంటి చోటు వచ్చినప్పుడల్లా, ఇక్కడ దిగేటప్పుడు ఎలా అనుకుంటూ ఎక్కాను. కొమ్మ విరిగిన చప్పుడు వినిపిస్తే తొక్కడం ఆపేసేవాణ్ణి. ఎక్కుడులో తొక్కడం ఆపితే చాలు, బండి దానంతటదే ఆగిపోతుంది. బ్రేకు ముట్టుకునే పనే రాలేదు. ఇద్దరికీ.

చాలా పైకి వచ్చాక ఒక మలుపు దగ్గర మా అమ్మాయి నా కోసం ఆగి ఉంది. అక్కడ రోడ్డు మెలి తిరుగుతుంది. పై నుంచి దిగేవాళ్ళకి రోడ్డు ఎడమవైపు తిరిగిపోతే, తిన్నగా ఎదురుగా ఒక కాలిబాట పొదల మధ్య నుంచి పైకి ఎక్కుతుంది. కట్టెలు మోసేవాళ్ళ దారి. నాకది చూడగానే ప్రాణం లేచొచ్చింది. నీళ్ళు తాగుతూ దానికి చెప్పడం మొదలుపెట్టాను.

"ఘాట్ సెక్షన్‌లో అచ్చం ఇలాంటిదే ఉంటుంది, క్యాచ్ సైడింగ్ అంటారు. కిందికి దిగే బండికి బ్రేకులు పోయాయనుకో. దాన్ని మెయిన్ లైన్ మీంచి తప్పించి, పైకి ఎక్కే ఒక పట్టాల ముక్క మీదికి పంపేస్తారు. ఎక్కలేక అదే ఆగిపోతుంది. పోయిన బండిని ఆపేది బ్రేకు కాదు, ఎక్కుడు."

"పాపా, ఆప్‌కా రైల్వే ఫిర్ షురూ హో గయా" అని నవ్వి, పెడలు మీద కాలేసి వెళ్ళిపోయింది. నా రైల్వే మళ్ళీ మొదలైందట.

నేను పైకి చేరేసరికి అది గుడి మెట్ల మీద కూర్చుని ఒక అరటిపండు తినడం అయిపోయి రెండోది ఒలుస్తోంది. నాకు కళ్ళు బైర్లు కమ్ముతున్నాయి. మెట్ల మీద వెల్లకిలా పడ్డాను. కింద మా ఊరు పొగలో మసగ్గా ఉంది. మబ్బు పట్టింది.

"వాన వచ్చేలా ఉంది, నేను దిగుతుంటాను, మధ్యలో రెస్ట్‌హౌస్ దగ్గర ఆగుతాను" అంది హిందీలో.

"బ్రేకులు చూసుకో."

రెండు లీవర్లూ నొక్కింది. గట్టిగానే ఉన్నాయి. "ఠీక్ హై పాపా" అంది. నేను మాట్లాడే ఓపిక లేక చెయ్యి ఊపాను. పసుపుపచ్చ హెల్మెట్ చెట్ల మధ్య కనిపించకుండా పోయింది.

ఊపిరి కుదుటపడ్డాక లేచాను. దిగేముందు మా యార్డు పద్ధతిలో చూసుకోకపోతే నాకు మనసొప్పదు. లీవరు గట్టిగా ఉండటం పరీక్ష కాదు. బ్రేకు నొక్కి పట్టుకుని బండిని తొయ్యాలి. కదలకపోతేనే బ్రేకు పట్టినట్టు. రెండు లీవర్లూ నొక్కి ముందుకి తోశాను.

చక్రాలు మెత్తగా తిరిగాయి.

తీగేమైనా వదులైందేమోనని వంగి చూశాను. అన్నీ సరిగానే ఉన్నాయి. మళ్ళీ నొక్కాను, మళ్ళీ తిరిగింది. డిస్కు మీద వేలు పెట్టి రుద్దాను. జారింది. వేలు ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఆ వాసన నాకు కొత్తది కాదు. రోజూ పొద్దున మా ఇంటి గడప దగ్గర వచ్చే వాసన. ఆవనూనె.

నాన్న పనిముట్లతో పాటు అమ్మ సైకిళ్ళకి కూడా రాసింది. మెరిసే ఇనుము ఎక్కడుంటే అక్కడ రాసింది. అలా అనుకున్న తర్వాత ఒక్క క్షణం పట్టింది నాకు, ఒక్క సైకిలుకే రాసి ఊరుకోదు కదా అని తట్టడానికి.

దాని పేరు పెట్టి అరిచాను. నా గొంతు కొండకి కొట్టుకుని నాకే తిరిగొచ్చింది. ఫోను తీశాను, సిగ్నల్ లేదు. సైకిలు ఎక్కబోయి, ఎక్కితే ఆపలేనని గుర్తొచ్చి, పట్టుకుని పరుగెత్తాను. దిగుడులో అది నన్ను ఈడ్చుకుపోతోంది. రెండు మలుపులు దాటాక దాన్ని రోడ్డు పక్కన పడేసి ఉత్త కాళ్ళని నమ్ముకున్నాను.

ఇంతకాలం యార్డులో నేను భయపడిందంతా జరగని వాటి గురించి. ఆ దిగుడులో భయం వేరుగా ఉంది. అది అప్పటికే జరిగిపోయినదాని గురించి. నేను పరుగెత్తినా, ఆగినా, దేవుడికి మొక్కినా, ఏం జరిగిందో అది జరిగిపోయింది. నేను వెళ్ళి చూడటమే మిగిలింది. అయినా మొక్కాను. పిల్ల దక్కితే ఆకుపూజ చేయిస్తానని వెనకున్న ఆంజనేయుడికి పరుగులోనే చెప్పాను. ప్రతి మలుపు దగ్గరా లోయవైపు వెళ్ళి తొంగిచూశాను. పసుపు రంగు కోసం వెతికాను. ఆ అడవిలో పసుపు పువ్వులు ఇన్ని ఉంటాయని అంతవరకు నాకు తెలీదు. ఒక్కొక్క పొద నా గుండెని ఆపేసింది. సిమెంటు రోడ్డు మీద టైరు గీతేదో కనిపిస్తే, దాని మీద చెయ్యి పెట్టి చూశాను, వేడిగా ఉంటుందన్నట్టు. ఒంటరి ఏనుగు సంగతి అసలు గుర్తే రాలేదు.

కింద నుంచి మోటారు సైకిలు చప్పుడు వినిపించింది. ఇద్దరు కుర్రాళ్ళు గుడికి వస్తున్నారు. రోడ్డుకి అడ్డంగా నిలబడి ఆపాను.

"ఒకమ్మాయి, పసుపు హెల్మెట్, సైకిలు మీద దిగుతూ కనిపించిందా?"

"నహీ అంకుల్. రాస్తే మే కోయీ నహీ మిలా." గేటు నుంచి ఇక్కడి దాకా వాళ్ళకి దారిలో ఎవరూ ఎదురవలేదు.

ఈ మాట నాకు ఇప్పటికీ కలలో వినిపిస్తుంది. పైన నేనున్నాను, కింద నుంచి వీళ్ళొచ్చారు. మధ్యలో రోడ్డు మీద పిల్ల లేదు. అయితే రోడ్డు మీంచి పక్కకి పోయింది. పక్కన ఉన్నది లోయ. అక్కడే కూలబడ్డాను. ఆ కుర్రాళ్ళు నా ముఖం చూశారు. బండి తిప్పుకుని, అంచు పక్కనే మెల్లగా కిందికి చూసుకుంటూ వెళ్ళారు. నేను లేచి వాళ్ళ వెనక పడ్డాను. ఈసారి అరవలేదు. అరిచాక జవాబు రాకపోతే ఏం చెయ్యాలి?

మెలిక మలుపు దగ్గరికి వచ్చాను. వాళ్ళు రోడ్డు వెంట ఎడమకి తిరిగి వెళ్ళిపోయారు. నేనూ తిరగబోయి, ఎదురుగా చూశాను. కట్టెల దారి. దాని మొదట్లో మెత్తటి మట్టిలో సన్నటి చాలు ఒకటి తిన్నగా పైకి పోయింది. గట్లు గట్లుగా టైరు అచ్చు.

పొదలు తోసుకుని ఎక్కాను. కాస్త పైన సైకిలు అడ్డంగా పడి ఉంది. దాని పక్కన బురదలో మా అమ్మాయి కూర్చుని ఉంది. మోచెయ్యి చెక్కుకుపోయి రక్తం కారుతోంది. ఫోను పైకెత్తి సిగ్నల్ కోసం అటూ ఇటూ తిప్పుతోంది. నన్ను చూసింది.

"పాపా" అంది. "క్యాచ్ సైడింగ్."

నవ్వబోయింది. నవ్వు సగంలోనే ఏడుపైపోయింది. నేను దాని పక్కన బురదలో కూర్చుని తల నా గుండెకి అదుముకున్నాను. హెల్మెట్ అంచు గడ్డానికి గుచ్చుకుంటోంది. ఇద్దరం ఏడ్చాం. చేతులు, కాళ్ళు, మెడ, వీపు అన్నీ తడిమి చూశాను, వ్యాగన్లు చూసినట్టు ఒకటొకటిగా. మోచెయ్యీ, మోకాలూ తప్ప అన్నీ బాగానే ఉన్నాయి. కిందికి వెళ్ళిన కుర్రాళ్ళు నా కేక విని వెనక్కొచ్చారు. నా సైకిలు కూడా వాళ్ళే వెళ్ళి తెచ్చిపెట్టారు. వాళ్ళకి దణ్ణం పెట్టాను.

గుడి దాటిన మొదటి మలుపులోనే బ్రేకు పట్టడం లేదని దానికి తెలిసిందట. రెండు లీవర్లూ ఉన్న బలమంతా పెట్టి నొక్కితే కీచుమని అరిచాయి కానీ వేగం తగ్గలేదు. కాలు నేలకి రాచింది, బూటు అరిగింది. దూకేద్దామనుకుంది. అప్పుడు కట్టెల దారి గుర్తొచ్చింది. ఆ మలుపు వచ్చేదాకా పడకుండా ఉంటే చాలు అనుకుందట. వచ్చింది, రోడ్డుతో పాటు తిరగకుండా తిన్నగా ఎక్కించేసింది. ఇదంతా హిందీలో గడగడా చెప్పి, వేలితో డిస్కు రుద్ది నా ముక్కు దగ్గర పెట్టింది.

"మామ్మ కా తేల్ హై నా?"

మామ్మ నూనే, ఔనన్నాను. అప్పటిదాకా భయంతో నిండిపోయిన ఒంట్లోకి కోపం వచ్చింది. ఎలాంటి కోపమంటే, నోటికొచ్చినట్టు అన్నాను. ముసలావిడకి చేతులూరుకోవు, తెలీనివాటి జోలికి ఎందుకు పోవాలి, ఇంటికెళ్ళగానే ఆ సీసా ఎత్తి బయట పారేస్తాను, ఇంక ఏ పూజా లేదు ఏ నూనే లేదు అని. మా అమ్మాయి నేను ఆగేదాకా ఆగింది.

"మత్ బోల్నా పాపా" అంది. "బొట్టు తో ఛోడ్ హీ దియా. యే భీ ఛోడ్ దేంగీ."

మామ్మకి చెప్పొద్దంది. బొట్టు పెట్టడం ఎలాగూ వదిలేసింది, ఇక నూనె రాయడం కూడా వదిలేస్తుంది అంది. నా కోపానికి అక్కడ బ్రేకు పడింది. నలభై ఎనిమిదేళ్ళ నాకు తట్టనిది రక్తం కారుతున్న పిల్లకి తట్టింది.

దారంతా సైకిళ్ళు పట్టుకుని నడిచి దిగాం. తెచ్చుకున్న నీళ్ళతో డిస్కులు కడిగాం కానీ నూనె ప్యాడ్లలోకి ఇంకిపోయింది, లాభం లేకపోయింది. వాన కూడా మొదలైంది. చీకటి కొమ్మల వెనక ఏది కదిలినా ఇద్దరం ఆగిపోయి ఒకరి చెయ్యి ఒకరం పట్టుకున్నాం. గేటు దగ్గర సామాన్ల ఆటో అతను మా కోసం చాలాసేపటి నుంచి చూస్తున్నాడు.

ఇంటికొచ్చేసరికి అమ్మ గడపలోనే ఉంది.

"ఏటిరా, ఇంత ఆలీసం. బండి మెత్తగా తిరిగిందేటి?"

"తిరిగిందమ్మా" అన్నాను. అబద్ధం కాదది.

"తిరగదేటి మరి. ఆ సెక్రాల్లో పళ్ళేలు లేవూ, మెరుత్తన్నాయి, ఆటిక్కూడా రాసినాను. మీ బాబు సామాన్లకి రాసినట్టే." చెబుతూ చెబుతూ మనవరాలి మోచెయ్యి చూసింది. "ఓలమ్మ, పడిపోనావేటే? రా, ఇలాగ కూకో."

లోపలికెళ్ళి సీసా తెచ్చింది. అదే ఆవనూనె. గరిటెలో కాస్త వేడిచేసి, మనవరాలి కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని పిక్కలు మర్దనా చెయ్యడం మొదలుపెట్టింది. అరిగిన బూటు చూసి, పిల్లలన్నాక పడతారు అనుకుంది. మా అమ్మాయి కళ్ళు మూసుకుంది. నేను ఆ వాసన భరించలేక వరండాలోకి వెళ్ళి నిలబడ్డాను. పగలంతా నన్ను చంపిన వాసన అది.

మా ఆవిడకి మాత్రం చెప్పాం. ఆవిడ గాయానికి కట్టు కట్టి, వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు కుళాయి వదిలేసి నిలబడింది. రోగాలకి తప్ప భయపడదని అన్నాను కదా, అది తప్పని ఆ రోజు తెలిసింది. ఆ వారం ప్యాడ్లు మార్పించాను, డిస్కులు స్పిరిట్‌తో తుడిపించాను, ఆకుపూజ చేయించాను. ఇక కొండ లేదు అని కూడా చెప్పాను. ఆ మాట మీద నెలన్నర కూడా నిలబడలేకపోయాను. అది మళ్ళీ ఎక్కింది, నేనూ వెనకే ఎక్కాను. ఆ ఏడు జట్టులో చోటు దొరకలేదు. అయినా కోచ్ దిగడం బాగుపడిందన్నాడట. ఎక్కిన ప్రతిసారీ పైన గుడి దగ్గర బండి నొక్కి తోసి చూసేది నేను కాదు, అదే.

మళ్ళీ విశ్వకర్మ పూజ వస్తోందనగా నెల ముందు నుంచే లెక్కలు వేసుకోవడం మొదలుపెట్టాను. అమ్మకి చెప్పకూడదు. చెప్పకపోతే రాస్తుంది. రాశాక తుడుద్దామంటే, పూజలో పెట్టిన బండిని తుడుస్తుంటే చూసి ఎందుకని అడుగుతుంది. సైకిళ్ళు ఎక్కడైనా దాచేద్దామనుకున్నాను. పండగపూట బళ్ళు ఏవని వీధంతా అడుగుతుంది. చివరికి డిపోకి ఆలస్యంగా వస్తానని చెప్పి ఇంట్లోనే కూర్చున్నాను, పేపరు అడ్డం పెట్టుకుని. చూపంతా నూనె సీసా మీదే.

నాన్న పనిముట్లన్నిటికీ అమ్మ నూనె రాసింది. పొడుగు పిడి సుత్తికి రెండుసార్లు రాసింది. తర్వాత నూనె గుడ్డ చేత్తో పట్టుకుని, మోకాళ్ళ మీద చేతులూని లేచి, మా అమ్మాయి సైకిలు ముందు కూర్చుంది. నేను పేపరు పక్కన పెట్టి లేవబోయాను.

ఈలోగా మా అమ్మాయి వచ్చి కుంకుమ భరిణె అమ్మ ముందు పెట్టింది.

"మామ్మా, నా బండికి బొట్టు నువ్వే ఎట్టు" అంది. తెలుగులో అంది.

అమ్మ ముందు నా వైపు చూసింది, మనవరాలికి తెలుగెలా వచ్చిందన్నట్టు. తర్వాత తల అడ్డంగా ఊపింది. "నాను ఎట్టకూడదే అమ్మా. నీకు తెలుసు కదా."

"పోయినేడు నేనే ఎట్టినాను" అంది అది, మాటలు వెతుక్కుంటూ. "నేను ఎట్టిన బొట్టుకే కొండ మీద పడిపోయాను. నా చెయ్యి మంచిది కాదు. నువ్వు ఎట్టు."

మోచెయ్యి చూపించింది. ఆ మచ్చ ఇంకా ఉంది.

అమ్మ ఆ మచ్చ వైపు చాలాసేపు చూసింది. నూనె గుడ్డ పక్కన పడేసింది. చెయ్యి చీరకొంగుకి తుడుచుకుంది, కుంకుమకి నూనె అంటకూడదని మళ్ళీ తుడుచుకుంది, వేలు వేలునా తుడుచుకుంది. నాన్న పోయాక మొదటిసారి భరిణె మూత తీసి ఉంగరం వేలు ముంచింది. అమ్మ మణికట్టు కింద మా అమ్మాయి చెయ్యి వేసి హ్యాండిలు దాకా తీసుకెళ్ళింది.

నూనె సీసాకి మూత నేనే పెట్టాను.